నాటకప్రియుల ముచ్చట
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నాటకమును గూర్చి సభలలో జరుగు ప్రసంగములు వేరు. నాటకప్రియులు నలుగురు కూడి చెప్పుకొను ముచ్చటలు వేరు. మొదటివానిలో భరతముని, కాళిదాసు, నవరసములు తప్పక వచ్చును. రెండవవానిలో హార్మోనియము శ్రుతి, అద్దెకు తెచ్చిన కిరీటము, యుద్ధరంగమున ఊడిపోయిన మీసము వచ్చును. నేటి ప్రసంగమునకు ఈ రెండవదియే విషయము. ఇది కాలక్షేపమని చాలమంది తలపోయుదురు గాని, తెలుగు నాటకరంగము చదివిన బడులలో ఇది యొకటి.

ఈ గోష్ఠి యెచ్చట జరుగునో ఉద్యోగస్థులకు చెప్పనక్కరలేదు. ఢిల్లీ రామకృష్ణపురములో క్వార్టరు ముందరి పచ్చికపై జరుగును. ఖరగ్‌పూరు రైల్వే కాలనీలో వరండా మెట్లపై జరుగును. ఒకడు లెక్కల శాఖ, ఒకడు తపాలా, ఒకడు రైల్వే. పగలంతయు ఫైళ్లపై అన్యభాషలో వ్రాసి వచ్చినవారు సాయంకాలము కాఫీగ్లాసు చేతబట్టగానే ఒకరు దుర్యోధనుడు, ఒకరు శకుని యగుదురు. కార్యాలయమున గొంతు పెగలని గుమాస్తా యిచ్చట భీముడై గర్జించును. అతని పై యధికారి, అదే గోష్ఠిలో, ఆ గర్జన సరిగా లేదని మందలించుటయు కలదు. ఆ మందలింపునకు మాత్రము ఎవ్వరును మెమో అడుగరు.

తెలుగునాట ఆధునిక నాటకము పుట్టినదియే ఇట్టివారి నడుమ. 1880లో వీరేశలింగము పంతులు రాజమహేంద్రవరమున తన విద్యార్థులచేత నాటకము ఆడించినపుడు ఆయన బడిపంతులు. 1886లో బళ్లారిలో సరస వినోదిని సభను నెలకొల్పిన ధర్మవరము రామకృష్ణమాచార్యులు వకీలు. ఆయనకు పోటీగా నిలిచిన కోలాచలము శ్రీనివాసరావును వకీలే. 1892లో విజయనగరమున 'కన్యాశుల్కము' తొలిసారి రంగమెక్కినపుడు దాని కర్త గురజాడ అప్పారావు సంస్థాన కొలువులో ఉన్నవాడు. కచేరీ విడిచి, చెప్పులు విప్పి, చాపమీద కూర్చుండి ఏ పాత్ర యెవరికని వాదించుకొన్నవారి చేతులలో ఈ రంగము పెరిగినది. కుటుంబమే సమాజముగా బ్రదికిన సురభివారి త్రోవ వేరు. 1885లో కడప జిల్లా సురభి గ్రామమున మొదలైన ఆ నటులకు నాటకమే కూడు, నాటకమే గూడు. వారికి లేని సుఖమొకటి ఉద్యోగి నటునికి కలదు: నాటకము చెడిపోయినను ఒకటవ తేదీ జీతము చెడదు. ఆ సుఖమువలన కొంత సోమరితనము కూడ వచ్చినదని ఒప్పుకొనక తప్పదు.

గోష్ఠిలో మొదటి తగవు ఎల్లప్పుడును పద్యమునుగూర్చియే. తిరుపతి వేంకటకవుల 'పాండవోద్యోగ విజయములు' నందలి రాయబార ఘట్టమును ఎవరో ఒకరు ఎత్తుకొందురు. ఒక పడుచువాడు పద్యమును మోహన రాగమున ఎత్తి, కడపటి అక్షరముమీద నిమిషముసేపు నిలుచును. అరుగు మీది పెద్దాయన కన్నులు మూసికొని విని, ముగిసిన పిమ్మట మెల్లగా అడుగును:

"ఏమోయ్, కృష్ణుడు సంధికి వచ్చాడా, కచేరికి వచ్చాడా?"

"అదేమిటి గురువుగారూ, రాగం లేకుంటే జనం వింటారా?"

"వింటారోయ్. మాట వినబడితే వింటారు. నీ పద్యంలో నాకు మోహన వినబడింది గాని కృష్ణుడేమన్నాడో వినబడలేదు."

ఇక రెండు పక్షములు ఏర్పడును. ఒక పక్షము ఈలపాట రఘురామయ్యను సాక్షిగా పిలుచును. ఆయన కృష్ణుని గానమునకై జనము తెల్లవారుదాక కూర్చుండిరి గదా యని వాదించును. రెండవ పక్షము పీసపాటి నరసింహమూర్తిని ముందు నిలుపును. పద్యమును భావమునుబట్టి విరిచి, దౌత్యము దౌత్యముగా నడిపిన కృష్ణుడాయన. ఈ తగవు తీరునది కాదు. తీరవలసిన అవసరమును లేదు. కాని ఇందులో ఒక మేలు కలదు. ఉత్పలమాలలో పాదము ముగిసినచోట మాట ముగియదు, ఊపిరి ముగియును. పొడుగు సమాసమును నడుమ త్రెంచి గాలి పీల్చినచో అర్థము రెండు ముక్కలగును. ఎచ్చట పీల్చవలెనో అచ్చుపుస్తకము చెప్పదు. పక్కన కూర్చున్న మిత్రుడు చెప్పును. అర్థము ముగిసిన పిమ్మట లాగెడి రాగము, తలుపు వేసి గొళ్లెము పెట్టిన తరువాత వాకిట నిలిచి మాటలాడుట వంటిది.

'వన్స్ మోర్' కథలును ఇచ్చటనే పుట్టును. చచ్చి పడియున్న వీరుడు ప్రేక్షకుల కోరికపై లేచి, పద్యము మరల పాడి, మరల చచ్చెనను కథను ప్రతి ఊరివారును తమ ఊర జరిగినదనియే చెప్పుదురు. అన్ని ఊళ్లలోను జరిగియుండవచ్చును.

ఈ రాగపు వెల్లువకు ఎదురు నిలిచినవాడు బళ్లారి రాఘవ. 1880లో పుట్టి 1946లో కన్నుమూసిన ఆయన ధర్మవరమువారికి మేనల్లుడు, వృత్తిచే న్యాయవాది. మేనమామ రంగముపై పాటకు పీటవేసిన ఇంట పుట్టియు, మేనల్లుడు పాట తగ్గించి నటన పెంచవలెనని పట్టుబట్టెను. ఒకే ముంగిట ఈ రెండు మతములును పెరిగినవన్నచో, అచ్చట ఎన్ని రాత్రులు వాదము జరిగియుండునో ఊహింపవచ్చును. స్త్రీపాత్రలను స్త్రీలే ధరింపవలెనని చెప్పుటయే కాక, విద్యావతులైన స్త్రీలను రంగమునకు తెచ్చినవాడును ఆయనయే. ఆయన ప్రదర్శించిన 'తప్పెవరిది' అను సాంఘిక నాటకమును వ్రాసిన పి.వి. రాజమన్నారు న్యాయవాది, 1948లో మద్రాసు ఉన్నత న్యాయస్థానమునకు ప్రధాన న్యాయమూర్తియై, 1953లో సంగీత నాటక అకాడెమీకి తొలి అధ్యక్షుడయ్యెను. ఒకడు వ్రాయ, ఒకడు ఆడ, ఇద్దరును నల్లకోటువారే.

స్త్రీపాత్రల మాట వచ్చినపుడు గోష్ఠి కొంచెము ఇరుకున పడును. ఏలయన ఆ మాటతో స్థానము నరసింహారావు వచ్చును. 1902లో బాపట్లలో పుట్టిన ఆ నటుడు సత్యభామగా, చింతామణిగా, మధురవాణిగా కనబడినపుడు స్త్రీలే ఆయన చీరకట్టు చూచి నేర్చుకొనిరని పెద్దలు మురిసి చెప్పుదురు. 1956లో ఆయనకు పద్మశ్రీ వచ్చినది. అట్టి పురుషుడుండగా స్త్రీలెందులకని వాదము సాగుచుండగా, ఆ ఇంటి ఇల్లాలు వంటయింటి గుమ్మము చాటునుండి మరచిపోయిన పద్యపాదము అందించును. మూడు నెలలుగా రిహార్సలు ఆమె ముందుగదిలోనే జరుగుచున్నవి. అందరి పాత్రలును ఆమెకు కంఠస్థము. కాఫీయును ప్రాంప్టింగును ఆమెవే. కరపత్రములో పేరు మాత్రము ఉండదు. రాఘవ పేరు తలచుటకు ముందు ఆ గుమ్మమువైపు ఒకసారి చూడవలసిన సంఘములు నేటికిని కలవు.

ముచ్చటలన్నియు మేలైనవని చెప్పుట సత్యము కాదు. "ఆహా, ఆ రోజులు, ఆ మనుష్యులు" అని నిట్టూర్చి లేచిపోవు గోష్ఠివలన ఎవరికిని ఏమియు దక్కదు. స్థానమువారు గొప్ప అనుట సులభము. సత్యభామ అలుక తీరునపుడు ఆయన ముందు చూపు త్రిప్పెనా, మెడ త్రిప్పెనా? ఎంతసేపు మౌనముగా ఉండెను? ఇట్లు అడుగువాడు గోష్ఠికి ఒక్కడున్నను చాలును. రాఘవను కన్నులార చూచినవారు నేడు దాదాపు లేరు. ఆయన రంగనటన చలనచిత్రమున చిక్కలేదు. పెద్దతరము నటుల గొంతులు కొన్ని గ్రామఫోను పలకలమీద నిలిచినవి. నడక నిలువలేదు, చూపు నిలువలేదు. స్థానమువారు తన అనుభవములను 'నటస్థానము' అను గ్రంథముగా వ్రాసి ఉపకారము చేసిరి. అట్లు వ్రాసినవారు అరుదు. మిగిలినదంతయు ఒకరినుండి ఒకరికి నోటిమాటగా వచ్చినది. ఒక గోష్ఠి విడిపోయిన ప్రతిసారి అందులో కొంత పోవుచున్నది.

నోటిమాటకు మరియొక దోషము కలదు. అది పెరుగును. కాళ్లకూరి నారాయణరావు 'చింతామణి'ని వేశ్యావ్యామోహము కూల్చు సంసారములను చూపుటకు వ్రాసెను. రంగముపై సుబ్బిసెట్టి హాస్యము నటునినుండి నటునికి, ఊరినుండి ఊరికి పెరిగి, కర్త వ్రాయని మాటలు కర్త మాటలను మింగివైచినవి. ఆ పాత్రచిత్రణపై ఒక సామాజిక వర్గమువారు ఎంతో కాలము నొచ్చుకొని, అభ్యంతరము చెప్పిన మీదట, 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆ నాటక ప్రదర్శనను నిషేధించినది. నిషేధము తగునా కాదా యని నాటకప్రియులు తగవులాడిరి, ఆడవలసినదే. కాని మూలగ్రంథము తెరచి, ఏ మాట కర్తదో ఏ మాట చప్పట్లకై చేరినదో గుర్తు పెట్టుకొన్న గోష్ఠికి మాత్రమే ఆ తగవులో పలుకుటకు అర్హత కలదు.

ఇక ఉద్యోగస్థుల గోష్ఠికి ప్రత్యేకమైన ఆపద యొకటి కలదు. దాని పేరు బదిలీ. ఉగాదికి నాటకమని నిశ్చయింతురు. హరిశ్చంద్రలోని కాటిసీను వేయుదమా, ఆత్రేయ 'ఎన్.జి.ఓ.' వేయుదమా యని నెల గడచును. గుమాస్తా బ్రతుకు గుమాస్తాలే ఆడిన కిరీటములకు అద్దె లేదు, పెట్టె తీసిన చొక్కాయే వేషమని కోశాధికారి రెండవదానికి ఓటు వేయును. పెద్దలు పద్యము లేని నాటకము ఉప్పులేని పప్పని మొదటిదానికి నిలుతురు. తుదకు రాయబారమే నిలుచును. అన్నియు అమరిన వేళ కృష్ణునికి గౌహతికి ఉత్తరువు వచ్చును.

అప్పుడు ముచ్చట పనికివచ్చును. పోవుచున్న కృష్ణుడు సామాను కట్టుచునే వచ్చెడి కృష్ణుని ప్రక్కన కూర్చుండబెట్టుకొనును. పద్యములు పుస్తకములో ఉన్నవి, అవి చెప్పడు. "మన కర్ణుడు రెండో పద్యానికి ముందు దగ్గుతాడు, కంగారుపడకు, అది మరపు కాదు, అలవాటు. దుర్యోధనుడు లేచేటప్పుడు నువ్వు ఎడమకు జరుగు, లేకుంటే గద తగులుతుంది. హార్మోనియం ఆయనకు నీ శ్రుతి అరమెట్టు తగ్గించమని ముందే చెప్పు. మొగమాటపడితే మూడో పద్యంలో గొంతు పోతుంది." ఇట్లు ఒక రాత్రిలో మూడు నెలల రిహార్సలు చేతులు మారును.

విజయనగరపు జె.వి. సోమయాజులు, జె.వి. రమణమూర్తి సోదరులు 'కన్యాశుల్కము'ను ఏండ్ల తరబడి ఆడిరి. అన్నగారు రామప్పపంతులు, తమ్ముడు గిరీశము. అన్నగారు రెవెన్యూ శాఖలో ఉద్యోగము చేయుచునే రంగమును విడువలేదు. 1980లో 'శంకరాభరణము' చిత్రముతో దేశమంతయు ఆయనను ఎరిగినది. ఆ శాస్త్రిగారి నిలుకడకు వెనుక ఎన్ని కచేరీ సాయంకాలములు కలవో చిత్రము చూచినవారిలో కొందరికే తెలియును.

ప్రవాసమున మరియొక చిక్కు ఈ తరముతో వచ్చినది. ఢిల్లీలో పుట్టిన పిల్లవానికి లోహితాస్యుని పాత్ర ఇత్తురు. వానికి తెలుగు మాటలాడ వచ్చును, చదువ రాదు. పద్యమును హిందీ లిపిలో వ్రాసికొనును. ఆ లిపిలో ఎ, ఏ అను భేదము లేదు. ఒ, ఓ అను భేదము లేదు. 'చెలి' కాస్త 'చేలి' యగును. 'కొడుకు' కాస్త 'కోడుకు' అగును. లఘువుండవలసినచోట గురువు పడి, పద్యము కుంటును. ళకారము సరేసరి; హిందీ బడిలో అది వానికి కనబడదు. పిల్లవాడు తప్పు చదువుట లేదు. వ్రాసినది వ్రాసినట్లే చదువుచున్నాడు.

హరిశ్చంద్ర పాత్రధారి, పింఛను పుచ్చుకొని పదేండ్లయిన పెద్దమనిషి, ఆ కాగితమును మోకాలిపై పెట్టుకొని, పొట్టిగా పలుకవలసిన ప్రతి అక్షరముపై ఎఱ్ఱపెన్సిలుతో చుక్క పెట్టును. ళ ఉన్నచోట చిన్న సున్న చుట్టును. "చుక్క ఉంటే తొందరగా వదిలెయ్యి, సున్న ఉంటే నాలుక మడుపు, తెలిసిందా నాన్నా?" అని చెప్పి, ముందు తాను చదివి, తరువాత వానిచే చదివించును. పిల్లవాడు రెండుమార్లు తప్పి, మూడవమారు సరిగా పలికి, "తాతగారూ, అమ్మ పద్యానికి కూడా చుక్కలు పెట్టండి, అదీ నేర్చుకుంటాను" అనును.