మూసీనీరు - రెండు సందేహములు
(భువనగిరి పఠనమందిరమున చేసిన ఉపన్యాసము)



పోయిన మాసమున మేమును నలుగురు స్వచ్ఛంద సేవకులును మూసీయొడ్డున నున్న యొక గ్రామమునకు బోయితిమి. కత్వకడ నీరు నురుగుగట్టి, దూది యారబోసినట్లు తెల్లగా పేరుకొని యున్నది. వరిమడికి నీళ్లు గట్టుచున్న యొక వృద్ధుని జూచి, “తాతా! ఈ నీటిలో దిగినచో కాళ్లకు దురద పుట్టదా?” యని యడిగితిమి. ఆయన పార దింపకయే యిట్లనెను: “బిడ్డా, ఈ నీళ్లు మంచివి కావని మీరు వచ్చి చెప్పవలెనా? ఎవరో వత్తురు, సీసాలో పట్టుకొని పోవుదురు. ఏమి తేలినదో ఒక్కడును మరలివచ్చి చెప్పలేదు. ఇప్పుడు వేలకోట్లట! అవి యే యింటికి జేరునో మీకు తెలియదా?” మా సీసా సంచిలోనే యున్నది. దానిని పైకి దీయుటకు సిగ్గుపడితిమి.

మన పట్టణములలో నేడు రెండు సందేహములు ఒక్క కుండలో నుడుకుచున్నవి. నీటిలో విషమే లేదనునది యొకటి. శుద్ధి పేర వెచ్చించు ధనము శుద్ధికై వెచ్చింపబడుటలేదనునది రెండవది. ఈ రెండవదానిని మేము తప్పుపట్టము. ఇరువదియేండ్లుగా న్యాయవాదవృత్తిలో నున్నవారము. లెక్క చూపనివాని మాట నమ్మవలదని కక్షిదారులకు మేమే బోధించుచుందుము. అయితే ఈ రెండవ సందేహము ముదిరి మొదటిదానిని కనుచున్నది. “తినుటకే యీ పథకము” అన్నవాడు నాలుగునాళ్లు గడచునప్పటికి “అసలు నీటికేమి వచ్చినది?” యనుచున్నాడు. అచ్చటనే మేము ఆయనతో విడిపోవుచున్నాము.

నీటికేమి వచ్చినదో వినుడు. పటాన్‌చెరు ప్రాంతమున మందుల కార్మాగారములు వెలసి దశాబ్దములు గడచినవి. వాని మురుగు ఇసుకవాగు, నక్కవాగుల ద్వారా మంజీరకు జేరుచుండెను. రైతుల బావులు చెడిపోయినవి; 1990లో ఆ వ్యవహారము సుప్రీంకోర్టు మెట్లెక్కినది. అచ్చటి ఉమ్మడి శుద్ధికేంద్రమునకు సుమారు 90 మందుల కర్మాగారముల మురుగు వచ్చుచుండగా, శుద్ధియైనదని విడిచిన నీటిని స్వీడను దేశపు శాస్త్రజ్ఞులు పరీక్షించి 2007లో ఫలితములను ప్రకటించిరి. లీటరునకు 31 మిల్లిగ్రాముల వఱకు సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు అందు గలదు. ఆ మందు మింగిన రోగి రక్తములో సైతము అంత యుండదు! కొన్ని సూక్ష్మజీవులను చంపుటకు చాలు మోతాదునకు అది వేయిరెట్లు మించినది. అట్టి నీటిలో బలహీనక్రిములు నశించి, మందునకు లొంగనివి మిగిలి వృద్ధియగును. ఆ మందునకు రంగులేదు. వాసనచే పట్టుబడునది కాదు. “మా తాతలు త్రాగిన నీరే గదా” యను వాదము ఇచ్చట పనికిరాదు. తాతలనాడు అనంతగిరి కొండలనుండి వచ్చిన నీటిలో ఈ సరకు లేదు.

2009లో పటాన్‌చెరునుండి 18 కిలోమీటర్ల గొట్టము వేసి, ఆ శుద్ధికేంద్రపు నీటిని నగరపు మురుగుకాలువలో గలిపి అంబరుపేటకు మరలించిరి. అంబరుపేట కేంద్రము దినమునకు 33 కోట్ల 90 లక్షల లీటర్ల ఇండ్లమురుగును శుద్ధిచేయుటకు గట్టినది; మందులను విఱుగగొట్టుటకు గట్టినది కాదు. మంజీర భారము మూసీపై బడినది. మూసీ దిగువనున్నవారము మనమే! మన యనుమతి నెవరడిగిరి?

ధనము మాట. 2021లో నగరమున మఱి 31 శుద్ధికేంద్రములకై 3,800 కోట్ల రూపాయలకు పైగా మంజూరైనది. 2024లో మూసీతీరాభివృద్ధికై లక్షన్నర కోట్లను మాట పెద్దల నోట వెలువడి, ఆ యంకెపైననే పెద్ద రగడ పుట్టెను. ఆ యేడే నదిగర్భమున నున్న పేదల గోడలపై ఎఱ్ఱగుర్తులు వెలసినవి. తన గోడపై గుర్తు జూచినవాడు పథకమును శంకించుట వింతయా? ఏటిగట్టున దీపములు నిలుపుట వేఱు, ఏటిలోనికి వచ్చు మురుగును నిలుపుట వేఱు. మొదటిది ఛాయాపటములో చక్కగా పడును గనుక పాలకులకు ప్రియమైనది. పొలములోని వృద్ధునకు రెండవది కావలెను.

మఱి ఈ వ్యయము నెవరు భరింపవలెను? రాజస్థానములోని బిచ్ఛ్రీ గ్రామమున రసాయన కర్మాగారముల వలన బావులనీరు నల్లబడినప్పుడు, చెఱచినవాడే చెల్లింపవలెనని 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. తీర్పు దివ్యముగా నున్నది. ఫలమో? శుద్ధికి నిర్ణయింపబడిన 37 కోట్ల పైచిలుకు చెల్లింపక యజమానులు దరఖాస్తుపై దరఖాస్తు వేయుచుండిరి. తుదకు 2011లో నూటికి 12 చొప్పున చక్రవడ్డీతో చెల్లింపుడని కోర్టు గద్దింపవలసి వచ్చెను. ఆ పదునైదేండ్లును గ్రామస్థులు ఆ బావులతోనే బ్రతికిరి. ఈ వాయిదాల విద్య మా వృత్తివారిదే యని ఒప్పుకొనుచున్నాము.

కావున అపనమ్మికను విడువుడని మేము చెప్పుట లేదు. దానిని కాగితముపై బెట్టుడనుచున్నాము. 2005నాటి సమాచారహక్కు చట్టము 2(జె) సెక్షను చదువుడు. దస్తరములను జూచు హక్కే గాదు, జరుగుచున్న పనిని స్వయముగా తనిఖీచేయు హక్కును, పదార్థముల ధ్రువీకృత నమూనాలు గైకొను హక్కును అందు గలవు. శుద్ధికేంద్రమునుండి వెలువడు నీరును ‘పదార్థమే’ యని మా యభిప్రాయము. కాదందురేని అప్పీలు గలదు. రుసుము 10 రూపాయలు, గడువు 30 దినములు. ఫలితము వచ్చిననాడు దానిని ఈ పఠనమందిరపు గోడకే గాక ఆ కత్వకడి రచ్చబండ యొద్దను అంటింపవలెను. నీరు మేలుపడినదని తేలినను అంటింపవలెను. మన కోపమునకు అనుకూలించిన యంకెలనే చూపుదుమేని ఆ వృద్ధుడు మనలనును నమ్మడు.

దరఖాస్తు వ్రాసి తెచ్చితిమి, బల్లపై నున్నది. మూడు ప్రశ్నలు: పటాన్‌చెరు నీరు నేడును అంబరుపేటకు వచ్చుచున్నదా, అందు మందుల పరీక్ష తుదిసారి యెన్నడు జరిగినది, దాని ఫలితమేమి? సంతకము చేయదలచినవారు చేయుడు. ఆదివారము ఉదయము మేము మరల ఆ గ్రామమునకు బోవుచున్నాము. ఈసారి సీసా లేదు. నకలు పట్టుకొని పోవుదుము.