శాస్త్రము చెప్పు యంత్రము
(ఏలూరు యువజనులతో చేసిన ప్రసంగ పాఠము)



మన ప్రాచీన గ్రంథముల నాధారముగా గొని, అడిగినదానికి బదులు చెప్పి, అప్పగించిన పనిని నిర్వహించు కృత్రిమ మేధా ఏజెంటును నిర్మింపదలచితిమని మీలో కొందరు నాతో ననిరి. సంతోషము. తాడేపల్లిగూడెమున 2015 లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థ వెలసినది. మన గ్రంథములకు మన భాషలో మనవారే యంత్రమును గూర్చుటకంటె స్వదేశీ కార్యమేమున్నది? కాని న్యాయవాదిగా మీ కొక సంగతి చెప్పవలసియున్నది.

ఇట్టి యంత్రము నొకదానిని తెల్లవారు మనకు వెనుకనే కట్టి చూపిరి. హిందువుల వారసత్వ వివాహాది వివాదములను శాస్త్రానుసారముగా దీర్పవలెనని 1772 లో వారన్ హేస్టింగ్సు విధించెను. పండితులు కూర్చిన సంస్కృత సంకలనము పారసీకములోనికి, అందుండి ఆంగ్లములోనికి మారి, 1776 లో హాల్‌హెడ్ పేర అచ్చయ్యెను. దానిని నమ్మజాలక విలియం జోన్సు మఱియొక సంకలనమునకు బూనుకొనెను. 1864 లో కోర్టు పండితుల పదవులు రద్దయ్యెను. పండితుడు పోయెను, పుస్తకము మిగిలెను.

పుస్తకము మాత్ర మొక్కమాట చెప్పునా? తండ్రి యాస్తిలో కొడుకునకు పుట్టుకతోనే హక్కని మితాక్షర. తండ్రి గతించిన పిదపనే యని దాయభాగము. మితాక్షరను 13వ శతాబ్దిలోనే కేతన తెనిగించెను గనుక మనకది సుపరిచితము, అంతమాత్రమున రెండవది అశాస్త్రీయము కాదు. పోనిండు, ఋజువైన ఆచారము గ్రంథవాక్యమును మించునని 1868 లో రామనాథపుర వ్యాజ్యమున ప్రివీ కౌన్సిలే తీర్పు చెప్పినది. కొల్లేటి లంకలలోని జాలరుల కట్టుబాట్లు ఏ తాళపత్రమున నున్నవి?

2023 లో గీత పేరిట ప్రశ్నోత్తర యంత్రములు పలువురు నిర్మించిరి. ధర్మమునకై చంపుట తప్పుగాదని వానిలో కొన్ని బదులిచ్చినట్లు పత్రికలలో వచ్చినది. యుద్ధరంగమున నొకనితో జెప్పిన మాటను వీథిలో నెల్లరకు జెప్పిన ఫలమది.

ఇపుడు లంకలోని యొక యాడుబిడ్డ తండ్రి పొలమున తనకు వాటా గలదా యని ఫోనులో నడిగెననుకొనుడు. సోదరులు చెల్లెలికి నాలుగవ పాలిచ్చి పెండ్లి చేయవలెనను స్మృతివాక్యమును యంత్రము చదువును. వాక్యము సత్యమే, బదులు మాత్ర మామెను ముంచును. ఉమ్మడి యాస్తిలో కూతురికి 1986 లో మన రాష్ట్ర శాసనమును, 2005 లో కేంద్ర శాసనమును కొడుకుతో సమానమైన హక్కు నిచ్చినవి. పైగా ఏజెంటు చెప్పి యూరకొనదు. అన్నదమ్ములు కోరినచో విడుదల దస్తావేజు ముసాయిదాయు వ్రాసిపెట్టును. ఆమె వ్రేలిముద్ర యొక్కటే తరువాయి.

కావున ప్రతి బదులునకు గ్రంథము, అధ్యాయము, శ్లోకసంఖ్య, వ్యాఖ్యాత పేరు చూపింపుడు. వ్యాఖ్యాతలు భేదించినచో నిరువురను బలికింపుడు. లేనిదానిని లేదనుట యంత్రమునకు నేర్పుడు. శ్లోకమును కల్పించు విద్య దానికి సహజముగనే యున్నది. ఆస్తి, వివాహము, అంటరానితనము సంగతి వచ్చినచో నేటి చట్టమును ముందుంచి, 1987 నాటి న్యాయసేవాధికార చట్టము క్రింద స్త్రీకి ఆదాయముతో నిమిత్తము లేకయే ఉచిత న్యాయసహాయము గలదని తెలుగున జెప్పింపుడు. ఆ భాగమునకు వలయు చట్టములు, తీర్పులు నా యొద్ద నున్నవి. ఆదివారములు కోర్టు లేదు, రండు.