శవం ముందు న్యాయం అడిగితే నేరమా?

(సంఘం మండల మహాసభలో చేసిన ప్రసంగం)



2023లో రాజస్థాన్ అసెంబ్లీ మృతదేహాల గౌరవం పేరిట ఒక చట్టం చేసింది. శవంతో నిరసనకు దిగినా, అందుకు ఒప్పుకున్నా కుటుంబ సభ్యులకు రెండేళ్ల దాకా జైలు. బయటివాళ్లకైతే ఆరు నెలల నుంచి ఐదేళ్లు.

కన్నవాళ్లు సరదాకి శవాన్ని రోడ్డు మీద పెట్టుకుంటారా? దహనం అయిపోయాక పట్టించుకునే నాథుడుండడనే భయంతోనే పెడతారు. 2021 అక్టోబరు 3న లఖింపూర్ ఖేరీలో వాహనాలు దూసుకెళ్లి నలుగురు రైతులు చనిపోయారు. కుటుంబాలు అంత్యక్రియలు ఆపి కూర్చున్నాయి. మర్నాడే యూపీ ప్రభుత్వం ఒక్కో కుటుంబానికి 45 లక్షల పరిహారం, ఉద్యోగం, రిటైర్డ్ జడ్జితో విచారణ ప్రకటించింది. రాజస్థాన్ చట్టం లెక్కన అలా కూర్చోవడమే నేరం!

శవ రాజకీయం మనకూ గిట్టదు. కుటుంబం వద్దంటే మనం జెండాలతో వెళ్లం. అంబులెన్సుకు దారి వదులుతాం.

మాట్లాడే హక్కు, ఆయుధాలు లేకుండా గుమిగూడే హక్కు రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చింది. వాటికి సహేతుకమైన పరిమితులు పెట్టొచ్చు. బిడ్డ పోయి ఏడ్చే తల్లిని జైల్లో పెట్టడం ఏం సహేతుకం?

ఇలాంటి చట్టం మన దగ్గరికి రానివ్వొద్దు. పరిహారం, విచారణ వెంటనే తేల్చండి. శవాన్ని రోడ్డెక్కించే అవసరం ఎవరికీ రాదు.