దేశం లెక్క అడిగేదెవరు?



సంఘ వార్షిక సమావేశంలో కోశాధికారి లెక్క చదవకుండానే ఆమోదించమంటే మనం ఒప్పుకోము. మరి దేశం లెక్క సంగతి?

రాజ్యాంగం 112వ అధికరణం ప్రకారం ప్రభుత్వం ఏటా రాబడి, ఖర్చుల అంచనాను పార్లమెంటు ముందుంచాలి. 113 ప్రకారం శాఖలవారీగా డబ్బు కావాలని లోక్‌సభను అడగాలి. సభ ఇవ్వవచ్చు, తగ్గించవచ్చు, నిరాకరించవచ్చు. పెంచే అధికారం మాత్రం దానికి లేదు. 114 ప్రకారం చట్టం చేయకుండా సంచిత నిధి నుండి ఒక్క రూపాయి తీయకూడదు.

పెంచలేని సభ్యులు ఏం చేయగలరు? కోత తీర్మానం ఇవ్వవచ్చు. పద్దులో 100 రూపాయలు తగ్గించమంటే అది ఒక ఫిర్యాదు. మొత్తం పద్దును 1 రూపాయికి దించమంటే ఆ విధానమే వద్దని అర్థం. అలాంటి తీర్మానం నెగ్గితే ప్రభుత్వానికి సభలో బలం లేదని తేలిపోతుంది. అందుకే ఇవి నెగ్గడం చాలా అరుదు.

నిదానంగా పరిశీలన జరిగేది స్థాయీ సంఘాల్లో. 1993 నుండి శాఖలవారీగా ఇవి పనిచేస్తున్నాయి. అన్ని పార్టీల సభ్యులూ కూర్చుని అధికారులను పిలిచి, నిరుడు ఇచ్చిన డబ్బు ఎందుకు మిగిలిందని అడుగుతారు. వీరి సిఫారసులకు ప్రభుత్వం కట్టుబడనక్కరలేదు గాని, ఏం చేసిందో జవాబు చెప్పాలి.

ఆ తర్వాత సభలో చర్చ జరగాలి. 2018 మార్చిలో ఏమైంది? ఆంధ్రప్రదేశ్‌కు ప్రత్యేక హోదా కోసం తెలుగు ఎంపీలు, కావేరి బోర్డు కోసం తమిళనాడు ఎంపీలు నినాదాలు చేశారు. చెన్నైలోని తెలుగువాళ్లం మనకు రెండు కోరికలూ దగ్గరివే. కాని మార్చి 14న ఆ గొడవ మధ్యనే అన్ని శాఖల పద్దులూ చర్చ లేకుండా ఒక్కసారిగా ఆమోదం పొందాయి. దీన్నే గిలెటిన్ అంటారు. 2023 మార్చి 23న కూడా ఇదే జరిగింది. ఆ బడ్జెట్ సుమారు 45 లక్షల కోట్లు.

సభ నడపవలసిన బాధ్యత ప్రభుత్వానిది. దొరికిన సమయంలో లెక్క అడగవలసిన బాధ్యత సభ్యులది. ఇద్దరూ తప్పుకుంటే నష్టపోయేది స్కాలర్‌షిప్ కోసం ఎదురుచూసే విద్యార్థి, ఉపాధి హామీ కూలీ కోసం ఎదురుచూసే తల్లి. వారి తరఫున అడిగే గొంతు ఆ రోజు సభలో వినబడలేదు.

యువజనులారా, బడ్జెట్ ఫిబ్రవరి 1న వస్తుంది. ఒక్క పథకాన్ని ఎంచుకోండి. నిరుడు ఎంత కేటాయించారు, దాన్ని తర్వాత ఎంతకు సవరించారు, ఈ ఏడు ఎంత ఇస్తున్నారు? ఈ మూడు అంకెలు రాసి, సభలో వీటి గురించి అడగమని మన ఎంపీకి ఉత్తరం పంపుదాం. జవాబు రాకపోతే మళ్లీ రాద్దాం. బీదల పక్షాన ప్రార్థించే మనం వారి లెక్క కూడా అడగాలి.