మన బడి ఆవరణకు ఏ గడ్డి?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



స్వర్ణోత్సవ కానుకగా బడి మైదానంలో ప్లాస్టిక్ గడ్డి పరిపిద్దామని కొందరు మిత్రులు ప్రతిపాదించారు. సివిల్ ఇంజనీరుగా దాని మంచిచెడ్డలు చెప్పమని సంఘం నన్ను కోరింది.

ముందు మంచి చెబుతాను. 1966లో అమెరికాలోని హ్యూస్టన్ ఆస్ట్రోడోమ్ స్టేడియంలో పరిచాక ఈ గడ్డికి పేరొచ్చింది. అక్కడ పైకప్పు అద్దాలకు రంగు వేయడంతో వెలుతురు చాలక అసలు గడ్డి చచ్చిపోయింది. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ నుంచి హాకీ కృత్రిమ మైదానాల మీదే ఆడుతున్నారు. దీనికి కోత మిషను, ఎరువు, పురుగుమందు అక్కర్లేదు. బతికించుకోవడానికి నీళ్లు పెట్టే పనీ లేదు. వేసవిలో బోర్లు ఎండే చోట ఇది చిన్న లాభం కాదు.

ఇక మన నేల సంగతి. ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం ఎండలు మీకు చెప్పాలా? 45 డిగ్రీలు దాటిన రోజులు మనమంతా చూశాం. అసలు గడ్డి వేళ్లతో పీల్చిన నీటిని ఆవిరిగా వదిలి చల్లబడుతుంది. ప్లాస్టిక్‌కు ఆ దారి లేదు. మండుటెండలో దాని పైభాగం 60 డిగ్రీలు దాటగలదు. చెప్పుల్లేకుండా ఆడే పిల్లలు దాని మీద నిలబడలేరు. చల్లబరచడానికి నీళ్లు చల్లితే ఇక పొదుపు ఎక్కడిది?

రెండోది వాన. మన ప్రాంతంలో ఏడాదికి సుమారు 1000 మిల్లీమీటర్లు కురుస్తుంది. అంటే ప్రతి చదరపు మీటరు మీదా 1000 లీటర్లు. గడ్డి కింద కంకర పరిస్తే కొంతైనా ఇంకుతుంది. సిమెంటు పోస్తే అంతా కాలువ పాలే.

మూడోది అరుగుదల. పదేళ్లు అటూ ఇటూగా దాన్ని తీసి మార్చాలి. ఈలోగా రాలే పీచు, మధ్యలో నింపే రబ్బరు గుళికలు వానకు కొట్టుకుపోతాయి. ఆ గుళికల అమ్మకాన్ని ఐరోపా సమాఖ్య 2023లోనే, 8 ఏళ్ల గడువిచ్చి, నిషేధించింది. మన వాగుల నీళ్లు చేరేది కిన్నెరసానికి, అటునుంచి గోదావరికి. దారిలో తాగేవి మన పశువులు, అడవి జంతువులు.

అందుకే నా సూచన ఇది. స్టేజి ముందున్న సిమెంటు చప్టా మీద, చెట్టు నీడ పడే చోట, కావాలంటే ప్లాస్టిక్ గడ్డి వేద్దాం. అక్కడ ఎలాగూ ఏదీ మొలవదు. మైదానంలో మాత్రం తొలకరికి గరిక పిలకలు నాటిద్దాం. వేసవిలో ఎండినట్టు కనిపించినా వేరు బతికే ఉంటుంది, మొదటి వానకే చిగురిస్తుంది. గట్టు వెంట వేప, కానుగ, నేరేడు, ఇప్ప పెడదాం. పల్లంలో ఇంకుడు గుంత తవ్విద్దాం. ఖమ్మం దగ్గరి రెడ్డిపల్లి నుంచి సైకిల్ మీద తిరుగుతూ మొక్కలు నాటి, 2017లో పద్మశ్రీ అందుకున్న వనజీవి రామయ్య గారు మన జిల్లా మనిషే కదా!

నిర్ణయం సంఘానిది. ముందుగా ఒక గజం నమూనా ముక్క తెప్పించండి. ఎండాకాలం మధ్యాహ్నం రెండు గంటలకు గరిక పక్కన పరిచి, రెండింటి మీదా అరచెయ్యి పెట్టి చూడండి. ఆ తర్వాతే చందా పుస్తకం తెరుద్దాం.

సెలవు.