కాంటెస్సా కొందామనుకుంటున్నారా? రీస్టోర్ చేసిందా, ఒరిజినలా, ప్రాజెక్టా?

ఈ ఎపిసోడ్ మేడ్చల్‌లో మొదలుపెట్టి శామీర్‌పేట దాకా తిరుగుతూ షూట్ చేశాం. సబ్జెక్ట్ పాత కారు. సెకండ్ హ్యాండ్ స్విఫ్ట్ గురించి కాదు, హిందుస్థాన్ కాంటెస్సా గురించి.

"అన్నా, మన దేశపు మజిల్ కార్ అంటే అదే కదా" అని చాలామంది మెసేజ్ పెడతారు. ముందు ఆ సంగతి తేల్చేద్దాం. అమెరికాలో 1964 పాంటియాక్ జీటీఓ వచ్చినప్పుడు అందులో ఉన్నది దాదాపు 6.4 లీటర్ల వీ8 ఇంజిన్, 325 హార్స్‌పవర్. మన కాంటెస్సా 1984లో బెంగాల్‌లోని ఉత్తర్‌పారా ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు అందులో ఉన్నది అంబాసిడర్ ఇంజిన్, 1489 సీసీ, సుమారు 50 హార్స్‌పవర్. అంటే ఒళ్ళు పహిల్వాన్‌ది, గుండె గుమస్తాది అన్నమాట. తర్వాత ఇసుజు 1.8 లీటర్ పెట్రోల్ ఇంజిన్, ఐదు గేర్లు వచ్చాకే కారు నిజంగా కదిలింది. దాన్నే కాంటెస్సా క్లాసిక్ అన్నారు. బాడీ డిజైన్ మాత్రం బ్రిటన్‌లోని వాక్సాల్ విక్టర్ నుంచి వచ్చింది. పొడుగాటి బానెట్, వెడల్పు ముఖం, సినిమాల్లో విలన్ దిగే కారు. 2002లో తయారీ ఆగిపోయింది. కాబట్టి ఇప్పుడు ఏ కాంటెస్సా తీసుకున్నా ఇరవై ఏళ్ళు దాటినదే.

కొనేవాడికి మూడు దారులు ఉన్నాయి. రీస్టోర్ చేసింది, ఒరిజినల్‌గా ఉన్నది, ప్రాజెక్ట్. ఇవి ఒకే కారుకి ఫస్ట్ క్లాస్, సెకండ్ క్లాస్, థర్డ్ క్లాస్ కావు. మూడూ మూడు వేరే బేరాలు. ఒక్కోటి చూద్దాం.

మొదటిది రీస్టోర్ చేసిన కారు. కండ్లకోయ జంక్షన్ దాటాక ఒక షెడ్డులో చూశాను. ఎర్ర రంగు, అద్దంలా మెరుస్తోంది. కొత్త సీట్లు, కొత్త క్రోమ్. ఫోన్‌లో ఫోటో చూస్తే అప్పుడే అడ్వాన్స్ కొట్టాలనిపిస్తుంది. కానీ ఇక్కడ మీరు కొనేది కారు ఒక్కటే కాదు, ఇంకొకరు చేసిన పని కూడా. ఆ పని పెయింట్ కింద ఉంటుంది, మీకు కనపడదు.

కాంటెస్సాకి లారీకి ఉన్నట్టు విడిగా చాసిస్ ఉండదు. బాడీ రేకే కారు మొత్తం బరువు మోస్తుంది. అందుకే తుప్పు అంటే అందం సమస్య కాదు, బలం సమస్య. తుప్పు పట్టిన రేకు కోసి కొత్త రేకు వెల్డింగ్ చేశారా, లేక పైన పుట్టీ మెత్తి రంగు కొట్టారా, తేడా అంతా అక్కడే. జేబులో ఒక అయస్కాంతం పెట్టుకుని వెళ్ళండి. పెయింట్ గీసుకోకుండా పలచటి గుడ్డ చుట్టి తలుపుల కింది అంచులు, చక్రాల పైన వంపులు తడమండి. పట్టుకోని చోట పుట్టీ ఉంది. తర్వాత డిక్కీలో స్టెప్నీ తీయించి కింద చూడండి, ఫ్లోర్ మ్యాట్ ఎత్తించండి. ఓనర్‌ని ఒకే ప్రశ్న అడగండి: "పని జరిగేటప్పుడు తీసిన ఫోటోలు ఉన్నాయా?" నిజంగా పని చేయించినవాళ్ళు రేకు విప్పిన రోజు నుంచి ఫోటోలు దాచుకుంటారు, చూపించడానికి మురిసిపోతారు. ఫోటోలు లేవంటే మెరుపుకి పూర్తి ధర ఇవ్వక్కర్లేదు.

రెండోది ప్రాజెక్ట్. మేడ్చల్‌లో ఒక లేత్ షాపు వెనక చూశాను. ఇంజిన్ ఒక మూల, తలుపులు గోడకి ఆనించి, బోల్టులన్నీ పెయింట్ డబ్బాలో. ధర తక్కువ, అందుకే మనలాంటి జీతగాళ్ళకి ముందు ఇదే నచ్చుతుంది. ఐటీలో పనిచేసినవాడిగా ఒక మాట చెప్తా. వేరేవాళ్ళు సగంలో వదిలేసిన కోడ్ చేతికొస్తే ఎలా ఉంటుందో మీలో చాలామందికి తెలుసు. ఇది కూడా అంతే. ఏది పోయిందో, ఏది వేరే బండిదో విప్పినవాడికే తెలుసు.

ఇంజిన్ పనికి మన ఏరియాలో మంచి చేతులు ఉన్నాయి. అంబాసిడర్ ఇంజిన్ కాంటెస్సా అయితే ఇంకా సులువు, అంబాసిడర్ 2014 దాకా తయారైంది కాబట్టి ఆ ఇంజిన్ ఎరిగిన మిస్త్రీలు దొరుకుతారు. కష్టమంతా కాంటెస్సాకి మాత్రమే ఉండే వాటితోనే. గ్రిల్, టెయిల్ ల్యాంపులు, అద్దాల రబ్బరు బీడింగులు, ముందు గ్లాసు. రాణిగంజ్ గల్లీలన్నీ తిరిగినా వెంటనే దొరుకుతాయన్న గ్యారంటీ లేదు. కాబట్టి ప్రాజెక్ట్ కొనేముందు ఇంజిన్ కన్నా ఈ చిన్న సామాన్లు లెక్కపెట్టండి. డబ్బు లెక్క కూడా ఇలా వేసుకోండి: మీ దగ్గరున్న మొత్తాన్ని మూడు భాగాలు చేసి, ఒకటి కారుకి, ఒకటి కనిపించే పనికి, ఒకటి ఇంకా కనిపించని పనికి పెట్టండి. మూడో భాగం లేకపోతే ప్రాజెక్ట్ జోలికి వెళ్ళొద్దు.

ఇక కాగితాలు. ప్రాజెక్ట్ కార్లు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే. ప్రైవేట్ కారుకి ఆర్సీ 15 ఏళ్ళు, తర్వాత ప్రతి ఐదేళ్ళకి రెన్యువల్. దానికి కారుని ఇన్‌స్పెక్టర్‌కి చూపించాలి. పెయింట్ డబ్బాలో ఉన్న కారుని ఎలా చూపిస్తారు? ఫీజు 2022 ఏప్రిల్ నుంచి కారుకి 5,000 అయింది, ఆలస్యమైతే నెలకి 500 అదనం. 2025 ఆగస్టులో 20 ఏళ్ళు దాటిన కార్లకి 10,000 చేశారు. ఇంకోటి, ఆర్సీలో పేరున్న మనిషి చనిపోయి ఉంటే ముందు వారసుల పేరు మీదికి మారాలి, అది ఫారం 31. ఆ తర్వాతే మీకు. ఇంజిన్ నంబర్, చాసిస్ నంబర్ మీ కళ్ళతో చూసి ఆర్సీతో పోల్చుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి.

మూడోది ఒరిజినల్. ఇది మా ఇంటి వ్యవహారం కూడా. శామీర్‌పేటలో మా మేనమామ దగ్గర 1991 కాంటెస్సా క్లాసిక్ ఉంది. లాక్‌డౌన్‌లో రేకుల షెడ్డులో పెట్టారు, అంతే. ఫ్యాక్టరీ రంగు వెలిసిపోయింది, సీటు ఒక చోట చిరిగింది. కానీ ఒక్క రేకు మార్చలేదు.

మామయ్య తుక్కుకి ఇచ్చేద్దామంటున్నారు. "జాగా ఆక్రమించుకుని కూర్చుంది అల్లుడూ, ఎవడు నడుపుతడు దీన్ని?" అంటారు. మా బామ్మర్ది ప్లాన్ వేరు. "బావా, నల్ల రంగు కొట్టించి, అలాయ్‌లు ఏసి, కొత్త డీజిల్ ఇంజిన్ దించుదాం. రీల్ పెడితే పేలిపోద్ది" అంటాడు. వాడి మాటలో అబద్ధం లేదు, రీల్ నిజంగానే పేలుతుంది.

కానీ రెండు విషయాలు ఉన్నాయి. ఒకటి చట్టం. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకి విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. ఇంజిన్ మార్చాలంటే ఆర్టీఓ అనుమతి ఉండాలి, ఆర్సీలో ఎక్కాలి.

రెండోది, 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకి రూల్స్ తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటి, చాసిస్, బాడీ, ఇంజిన్‌లో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న బండికి 'వీఏ' అని ప్రత్యేక నంబర్ ఇస్తారు. పదేళ్ళు చెల్లుతుంది. రోజూ ఆఫీసుకి నడపడానికి కాదు, ర్యాలీలకి, ప్రదర్శనలకి. మొట్టమొదటి కాంటెస్సాలకి ఆ వయసు 2034లో వస్తుంది. మామయ్య కారుకి 2041లో. అప్పటికి ఎన్ని కాంటెస్సాలు అసలు ఇంజిన్‌తో మిగులుతాయి? తుక్కుకి వెళ్ళినవి పోగా, ఇంజిన్ మార్చినవి పోగా?

అందుకే నేను చెప్పేది ఒకటే. ఒరిజినల్ కారుని ఎప్పుడైనా రీస్టోర్ చేయొచ్చు. రీస్టోర్ చేసినదాన్ని మళ్ళీ ఒరిజినల్ చేయలేం. ఫ్యాక్టరీ రంగు ఒక్కసారే పడుతుంది. వెనక్కి రాలేని పని ఏదైనా ఆఖరున చేయాలి.

అలాగని ఒరిజినల్ అంటే ముట్టుకోకుండా పూజగదిలో పెట్టమని కాదు. మామయ్య కారుకి మేం రాసుకున్న వరుస ఇది. ముందు పెట్రోల్ ట్యాంకు దింపి కడిగించడం. తర్వాత పెట్రోల్ పైపులు, కార్బొరేటర్ గాస్కెట్లు మార్చడం. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్. అది పాత రబ్బరుని పాడు చేస్తుంది, నీటిని కూడా పీల్చుకుంటుంది కాబట్టి నిలవ ఉంచితే ట్యాంకు లోపల తుప్పు. ఆ తర్వాత బ్రేకులు, టైర్లు. ఆ తర్వాత ఆర్సీ. రంగు లిస్టులో లేదు. మామయ్య రెండు వారాలు టైమ్ ఇచ్చారు, ఖర్చులో సగం బామ్మర్ది, సగం నేను. వాడు ఇంకా నల్ల రంగు మీదే ఉన్నాడు, కానీ ట్యాంకు దింపడానికి స్పానర్ పట్టుకున్నది మాత్రం వాడే.

మీ సంగతికి వద్దాం. వారం వారం ఫ్యామిలీతో తిరగాలి, మిస్త్రీ వెంట పరిగెత్తే టైమ్ లేదంటే ఫోటోలున్న రీస్టోర్ కారు తీసుకోండి, ధర ఎక్కువైనా పర్లేదు. చేతులకి గ్రీజు అంటడమే మీకు ఆనందమైతే, ఇంట్లో నీడ ఉన్న జాగా ఉంటే, కాగితాలు సక్రమంగా ఉంటే ప్రాజెక్ట్. తేల్చుకోలేకపోతే మాత్రం స్టార్ట్ అయ్యే, కాగితాలున్న, రంగు వెలిసిన ఒరిజినల్. నిర్ణయం మార్చుకునే అవకాశం ఇచ్చేది ఆ ఒక్కటే.

మీ ఇంట్లో, మీ ఊళ్ళో షెడ్డులో ఇలాంటి బండి ఏదైనా ఉంటే, తుక్కు ఆటో వచ్చేలోపు ఒకసారి ఆర్సీ తీసి చూడండి. బ్రేకుల పని వీడియో వచ్చే ఎపిసోడ్‌లో. ఉంటా మరి, నమస్తే.