అప్పియా మార్గమున మోటారుసైకిలు యాత్ర



పూర్వము మన పెద్దలు కాశికి బయలుదేరవలెనన్న ముహూర్తమునకు ముందు మజిలీలు లెక్కవేసికొనెడివారు. ఏ యూర నీరు మంచిది, ఏ సత్రమున వంటపాత్ర లిత్తురు, ఏ నదిని ఏ మాసమున దాటవచ్చును అను సంగతులు తెలిసిన పిమ్మటనే ప్రయాణము. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830వ సంవత్సరమున చెన్నపట్టణమునుండి బయలుదేరి, మరుసటి యేట తిరిగివచ్చిన కాశీయాత్ర చరిత్రను చదివినవా రెరుగుదురు; అందు దేవాలయ వర్ణనమున కెంత స్థలము కలదో, బాటకును బసకును అంత స్థలమే కలదు.

ఇప్పుడు మన పిల్లలు పోవు దేశములు వేరు, ఎక్కు వాహనములు వేరు. మా మనుమడును వాని భార్యయు జర్మనీ దేశమున ఉద్యోగములు చేయుచున్నారు. రాబోవు సెప్టెంబరు మాసమున పదునాలుగు దినముల సెలవు పెట్టి, అద్దె మోటారుసైకిలు మీద దక్షిణ ఐరోపాను చూడదలచి, ఒక పట్టికను నాకు పంపిరి. స్పెయిను దేశపు బార్సిలోనాలో ఆరంభము, గ్రీసు దేశపు ఏథెన్సులో ముగింపు. నడుమ ఫ్రాన్సు, ఇటలీ. దినమునకు రమారమి 300 కిలోమీటర్ల సవారి. ఒక్కొక్క నగరమునకు రెండేసి గంటలు! చూడదగిన ప్రాచీన స్థలములను ఆ రెండు గంటలలో ఇముడునట్లు ఏరి యిమ్మని వాని కోరిక.

ఆ పట్టిక వచ్చిన దినముననే మా కోడలు నా యొద్దకు వచ్చినది. ఆమె తమ్ముడు ఇరువదినాలుగేండ్ల ప్రాయమున మోటారుసైకిలు మీదనే పోయినాడు. "మామయ్యగారూ, మీరొక మాట యన్నచో వాడు మానుకొనును" అని మాత్రము పలికి లోనికి వెళ్లిపోయినది. ఆమె భయము నిరాధారమని నేననజాలను. మన యూళ్లలో ఏటేట ఈ బండి తీసికొనిపోవు బిడ్డల లెక్క మీకందరకు తెలిసినదే. అయినను వలదని చెప్పుటకు నా మనస్సొప్పలేదు. ముప్పదియేండ్లు దాటినవాడు వలదన్నచో చెప్పక పోవును. చెప్పక పోయినవానికి మన మే జాగ్రత్తయు చెప్పలేము. కావున నేను వానికిట్లు వ్రాసితిని: "నాలుగు దేశములు కొట్టివేయుము. ఒక్క దేశమున, ఒక్క బాటను ఎన్నుకొనుము. పోవునప్పుడు దినమునకు 120 కిలోమీటర్లు మించరాదు. ప్రొద్దు గ్రుంకిన పిమ్మట బండి యెక్కరాదు. ఈ షరతులకు లోబడినచో మీ యమ్మకు నేను చెప్పుకొందును."

ఆ బాట యేదని మీరడుగుదురు. రోమునగరమునుండి ఇటలీ తూర్పుతీరమందలి బ్రిందిసి రేవువరకు పోవు అప్పియా మార్గము. క్రీ.పూ. 312లో అప్పియసు క్లాడియసు అను అధికారి దీనిని ఆరంభించి కాపువా వరకు వేయించెను. తరువాతివారు పొడిగించి సముద్రము చేర్చిరి. మొత్తము సుమారు 540 కిలోమీటర్లు. రోమను కవి యొకడు దీనిని మార్గములకు రాణి యని పేర్కొనెను. 2024వ సంవత్సరమున యునెస్కోవారు దీనిని ప్రపంచ వారసత్వముగా గ్రహించిరి. నేటి పెద్ద రహదారిపై వేగముగా పోవువారు ఆరేడు గంటలలో రోమునుండి బ్రిందిసి చేరుదురు. మేము దానికి పది దినములు కేటాయించితిమి.

నేనా దేశమునకు పోయినవాడను కాను. పటములు, గ్రంథములు, పోయివచ్చినవారి మాటలు నాకాధారములు. కాని యీ బాటకు నాకు చిరకాలపు పరిచయ మొకటి కలదు. హొరేసు అను లాటిను మహాకవి క్రీ.పూ. 37 ప్రాంతమున మిత్రులతో గూడి రోమునుండి బ్రిందిసికి పోయి, ఆ ప్రయాణమును ఒక చిన్న కావ్యముగా చెప్పెను. అందు యుద్ధములు లేవు, దేవతలు లేరు. రాత్రి పడవలో దోమలును కప్పలును నిద్రపట్టనీయకపోవుట, ఒక పూటకూటియింట పిట్టమాంసము కాల్చబోయి వంటిల్లు తగులబడబోవుట, ఒక చోట నీరు కొనవలసివచ్చుట, ఇట్టివే కలవు. ఆ నీరు కొన్న యూరి పేరు ఛందస్సులో ఇముడదని కవి దానిని చెప్పక దాటవేసెను! యతిప్రాసలతో కుస్తీపట్టిన మన పండితులు ఈ మాటకు నవ్వకుండ నుండలేరు. ఆ యూరెక్కడిదని నేటికిని విద్వాంసులు వాదించుచునే యున్నారు.

ఇక పత్రముల సంగతి. ఇందు ఏమరుపాటు పనికిరాదు. ఇక్కడినుండి పోవువారికి షెంగెను వీసా కావలెను. దానితో ఏ 180 దినములలోనైనను 90 దినములు మాత్రమే యుండవచ్చును. మన రవాణా కార్యాలయమువా రొసగు అంతర్జాతీయ అనుమతిపత్రము ఒక్క యేడాదికే చెల్లును. లైసెన్సునకు జతగా చూపుటకే గాని తానొంటిగా చెల్లదు. కారునకున్న లైసెన్సు మోటారుసైకిలునకు పనికిరాదు. జర్మనీలో కాపురమున్నవారికి మరియొక చిక్కు: అక్కడ స్థిరపడిన ఆరు నెలల తరువాత మన దేశపు లైసెన్సు చెల్లదు. మా మనుమడు అక్కడనే పరీక్షయిచ్చి మోటారుసైకిలు లైసెన్సు తీసికొన్నాడని తెలిసిన తరువాతనే నేను పటము విప్పితిని.

అచ్చట బండ్లు బాటకు కుడిప్రక్కన నడచును. హెల్మెటు వెనుక కూర్చున్నవారికిని తప్పదు. అనేక నగరములందు పాతపేటల లోనికి బయటి వాహనములు పోరాదను నిర్బంధము కలదు; కాపలావా డుండడు, కెమేరా చూచి జుల్మానా పంపును. కొన్ని యూళ్లలో ద్విచక్రములకు మినహాయింపు కలదు, కొన్నింట లేదు. బస కుదుర్చుకొనునప్పుడే బండి నెచ్చట నిలుపవలెనో వ్రాతమూలమున అడుగవలెను. మధ్యాహ్నము ఒంటిగంట మొదలు నాలుగింటివరకు చిన్న యూళ్లలో అంగళ్లు, పలు చర్చీలు మూసియుండును. పెట్రోలు బంకులో మనిషి యుండడు. యంత్రములో నోటు పెట్టి తామే పోసికొనవలెను. కావున చిల్లరనోట్లు జేబులో నుండవలెను. జులై, ఆగస్టులలో ఎండ మన రోహిణికార్తెను తలపించును. ఆగస్టు 15 ప్రాంతమున దేశమంతయు సెలవులో నుండును. మే, సెప్టెంబరు మాసములు మేలు.

ఇప్పుడు మజిలీలు. మొదటి దినము రోములో బండియే తీసికొనరు. నగరద్వారము దాటిన మొదటి మైళ్లలో నాటి నల్లరాతిపలకలు నేటికిని కలవు; అవి చక్రములకు పనికిరావు, కాళ్లకు పనికివచ్చును. ఇరుప్రక్కల సమాధులు, మూడవ మైలునొద్ద సెసీలియా మెటెల్లా యను స్త్రీ గోపురసమాధి. ఒక దినపు అద్దెయు మిగులును.

రెండవ దినము తెర్రచీనా. దారిలో పూర్వము చిత్తడినేలలుండెడివి. హొరేసు పడవ యెక్కినది అచ్చటనే. 1930ల దశకమున ఆ నీటిని తోడి నేలను సాగునకు తెచ్చిరి. తెర్రచీనాలో కొండ సముద్రము మీదికి వచ్చి బాటకు అడ్డుపడగా, ట్రాజను చక్రవర్తి కాలమున శిలను నిలువున తొలచిరి. ఎంత లోతు చెక్కిరో తెలియుటకు రాతిమీదనే అంకెలు చెక్కిరి. అడుగున 120 అడుగుల గురుతు కనబడునట. పనివాండ్ర కూలి లెక్కకు కాబోలునని నా యూహ!

మూడవ దినము ఫొర్మియా మీదుగా కాపువా. ఫొర్మియాలో సిసిరో మహావక్త క్రీ.పూ. 43లో చంపబడెను. కాపువా విషయమున ఒక హెచ్చరిక: పటములో ఆ పేర నున్నది వేరు ఊరు. ప్రాచీన కాపువా నేటి సాంతా మరియా కాపువా వేతెరె. అచ్చటి మల్లశాలనుండి క్రీ.పూ. 73లో స్పార్టకసు తన తోడి బానిసలతో తప్పించుకొని తిరుగుబాటు చేసెను. రెండేండ్లకు ఆ తిరుగుబాటు అణగిన పిమ్మట ఆరువేలమందిని కాపువానుండి రోమువరకు ఈ బాటప్రక్కనే కొయ్యలకు కొట్టి చంపిరి. మార్గములకు రాణియని పొగడిన కవి ఈ సంగతి చెప్పలేదు. మా మనుమడు తెలిసి పోవలెనని పట్టికలో ఎఱ్ఱసిరాతో వ్రాసితిని.

బండిని అచ్చటనే నిలిపి, రెండు దినములు రైలులో నేపుల్సు, పాంపేయి చూచిరావలెను. నేపుల్సు వీథులలో మోటారుసైకిలు సాహసము మా కోడలికి చెప్పదగినది కాదు. క్రీ.శ. 79లో అగ్నిపర్వతపు బూడిదలో పూడిన పాంపేయికి ఇప్పుడు దినమునకు 20,000 మందినే రానిత్తురు. చీటీ ముందుగా తీసికొనవలెను. ఆ శిథిలములలో 1938లో దొరకిన మన దేశపు దంతపుబొమ్మ యొకటి నేపుల్సు వస్తుశాలలో నున్నది. జేనెడు పొడవు, సర్వాభరణభూషిత యగు స్త్రీ, ఇరుప్రక్కల ఇద్దరు చెలికత్తెలు. దానికి సాటి యగు బొమ్మల తునుకలు శాతవాహనులేలిన మహారాష్ట్ర ప్రాంతమందలి తేర్, భోకర్దన్ గ్రామములలో దొరకినవి. మన నల్లగొండ సీమలో దున్నుచున్న పొలములలో రోమను వెండినాణెములు బయల్పడినవి కదా! ఆ నాణెములకు ప్రతిగా పోయినవేమో చూడవలెనన్న ఈ బొమ్మయొద్ద నిలువవలెను. మసాలియా యను పేర మన కృష్ణాతీరపు సీమను, అచ్చట నేయు సన్నబట్టలను గ్రీకు నావికు డొకడు క్రీ.శ. మొదటి శతాబ్దముననే పేర్కొనెను. ఆ వస్తుశాలకు మంగళవారము సెలవు. ఈ యొక్క కారణముచేత మొత్తము పట్టికను ఒక దినము వెనుకకు జరిపితిమి.

ఆరవ దినము బెనెవెంతో. అచ్చట ట్రాజను తోరణమునొద్ద బాట రెండుగా చీలును. పాత అప్పియా కొండలగుండ వెనోసాకు పోవును; ట్రాజను వేయించిన క్రొత్త బాట బారీ మీదుగా పోవును. హొరేసు పోయినది ఈ రెండవ దిక్కునకే. కాని మేము పాతబాటనే పట్టితిమి. ఏలయన వెనోసా హొరేసు పుట్టినయూరు. బానిసత్వమునుండి విముక్తుడైన యొక సామాన్యుని కొడుకు. తండ్రి తన బిడ్డను రోమునకు తీసికొనిపోయి చదివించెను, బడికి తాను వెంట నడచెడివాడు. ఉపాధ్యాయుడనగుటచేత నాకు ఆ తండ్రిమీదనే గౌరవ మధికము. వెనోసాలో పూర్తికాని చర్చి యొకటి కలదు. రోమను శాసనశిలలను తెచ్చి గోడలలో పెట్టిరి. గోడలు లేచినవి, కప్పు పడలేదు. శాసనములు ఆకాశము క్రింద చదువుకొనవచ్చును. ఆ కొండదారి 120 కిలోమీటర్ల మలుపులు. ఆ దినము ప్రాతఃకాలముననే బయలుదేరవలెను.

మతేరా బాటకు కొంచెము ప్రక్కగా నున్నను విడువరాదు. కొండను తొలచి ఇండ్లు. ఒక్క గదిలో మనుష్యులు, గాడిద, కోళ్లు. 1952లో చట్టము చేసి సుమారు పదునైదువేలమందిని క్రొత్త ఇండ్లకు తరలించిరి. దేశమునకు సిగ్గుచేటన్న ఆ గుహలనే 1993లో యునెస్కో గౌరవించినది. ఇప్పుడు ధనికులు అధికవెల యిచ్చి అందు నిద్రించుచున్నారు. మన చెరువులు పూడ్చుకొనుచున్న పెద్దలకు నేను చెప్పదలచినది వేరొకటి. ఆ యూర నది లోతైన లోయలో నున్నది, బావి పడదు. ప్రతి యింటి కప్పునుండి పడిన వాన నీటిని రాతిగాడుల ద్వారా భూగర్భతొట్లకు చేర్చిరి. ప్రధాన చతుష్కము క్రింద గుడియంత జలకోశము కలదు. దానికొరకే అచ్చట రెండు రాత్రులు వ్రాసితిని. ఎండబెట్టిన చిక్కుడుజాతి గింజల పప్పు, చేదు ఆకుకూర ఆ సీమ భోజనము. శాకాహారులకు దిగులు లేదు.

తరంతోలో గ్రీకుల బంగారునగల వస్తుశాల. అచ్చటనుండి 70 కిలోమీటర్లు బ్రిందిసి. రేవునొద్ద మెట్లపై ఒక పాలరాతి స్తంభము నిలిచియున్నది. రెండవది 1528లో కూలినది. దాని శిలలు లెచ్చె నగరమున నొక సాధువు ప్రతిమకు ఆధారమైనవి. వర్జిలు మహాకవి క్రీ.పూ. 19లో ఈ యూరనే మరణించెను. 1870 మొదలు 1914 వరకు లండనునుండి మన దేశపు తపాలా రైలులో ఇక్కడికి వచ్చి ఓడ నెక్కెడిది. 1931 డిసెంబరు 14న మహాత్ముడు రౌండుటేబిలు సభనుండి తిరిగివచ్చుచు ఈ రేవుననే ఓడ నెక్కిరి. మెట్లమీద ఒక సాయంకాలము ఊరక కూర్చుండుమని పట్టికలో వ్రాసితిని. మనుమడు "అక్కడ చూడవలసినదేమి?" అని ప్రశ్నార్థక మొకటి పెట్టి పంపినాడు. నేను కొట్టివేయలేదు.

తిరుగుప్రయాణము మూడు దినములు, ట్రాజను బాటవెంట. అప్పుడు దినమునకు 200 కిలోమీటర్లు తప్పలేదు. ఈ సంగతి మా కోడలికి దాచక చెప్పితిని. ఆమె కొంతసే పాలోచించి, ప్రతి సాయంకాలము బండి దిగినంతనే మాటాడవలెనని మరియొక షరతు చేర్చినది. దానిని పట్టిక తలమీద వ్రాసితిమి. క్రింద అచ్చటి ఆపత్కాలపు టెలిఫోను సంఖ్య 112. మొన్న సమ్మతిపత్రము వచ్చినది. వాడు హొరేసు కావ్యపు ఆంగ్లానువాదము కొన్నాడట, చదువుచున్నాడట.